వరస కలిస్తేనే గది

మొన్నామధ్య మా అక్కయ్య మనవరాలికి నందిగామలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. గది చూసి పెట్టాలని వాళ్ళమ్మ ఫోను చేసి, ఆ ప్రాంతమంతా నీకు కొట్టిన పిండి కదా చిన్నమ్మా, నువ్వు కూడా వెంట రావాలి అంది. నాకు తెలిసిన నందిగామ ఏదో, ఇప్పటి నందిగామ ఏదో నాకే అంతుపట్టడం లేదు గాని, రానంటే మోకాళ్ళు పనికిరాకుండా పోయాయని అనుకుంటారని బయలుదేరాను. హైవే పక్కన నాలుగంతస్తుల మేడ, గుమ్మం మీద ఉద్యోగస్తులకు మాత్రమే అని బోర్డు. కింద కుర్చీలో కూర్చున్న మేనేజరు కుర్రాడు ఆధార్ కాపీ, ఆఫీసు కార్డు తీసుకుని, ఫోనులో ఏదో నొక్కమన్నాడు. మా పిల్ల నొక్కింది. పావుగంటలో గది అయిపోయింది. మూడో అంతస్తులో రెండు మంచాల గది, రెండో మంచం మీద ఒక అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుని ఉంది, మమ్మల్ని చూసి చక్కగా నవ్వి మళ్ళీ తన పనిలో పడింది. మెట్లు దిగుతూ, ఆ అమ్మాయిని ఏమని పిలుస్తావే అని అడిగాను.

"పిలవడం ఎందుకు అమ్మమ్మా, వాట్సాప్ గ్రూపుంది," అంది మా పిల్ల.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసంతా అదోలా అయిపోయింది. ఎందుకంటే నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో జగ్గయ్యపేటలో నేను ఉన్న ఇంట్లో గది దొరకాలంటే అడ్వాన్సు కన్నా, సిఫారసు కన్నా ముందు తేలాల్సింది అదే, ఎవరు ఎవర్ని ఏమని పిలవాలి అన్నది. నా ఈడు వాళ్ళకి ఈ మాట కొత్తగా ఉండదు గాని, అంత కచ్చితంగా ఆ నియమం పెట్టుకున్న ఇల్లు మాత్రం మీరెవరూ చూసి ఉండరు.

బస్టాండు వెనక సందులో నాపరాళ్ళు పరిచిన పొడుగాటి ఇల్లు అది. వీధి వైపు ఇంటావిడ ఉండే రెండు గదులు, వాటి వెనక వాకిలి, వాకిలికి ఎడమ పక్క మగవాళ్ళకి రెండు గదులు, కుడి పక్క ఆడవాళ్ళకి మూడు, చివర బోరింగు. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే. ఇంటావిడ భర్త పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో గుమస్తాగా చేసి పోయాడు, పిల్లలు లేరు, ఆ గదుల మీద వచ్చేదే ఆవిడకి ఆధారం. పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ చెంగు నడుముకి దోపుకుని తిరిగే మనిషి. నలుగురి ముందు మాట తూలడం ఎరగదు, ఎవరైనా తూలితే ఊరుకోవడమూ ఎరగదు.

మా నాన్న నన్ను తీసుకుని వత్సవాయి నుంచి మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఉద్యోగం వచ్చిందనే సంతోషం ఆయనకి ఒక పూట కూడా నిలవలేదు. పెళ్ళి కాని పిల్లని పట్నంలో ఒంటరిగా ఎక్కడ ఉంచాలన్న దిగులుతో, పంచె చెంగుతో ముఖం తుడుచుకుంటూ, నా ట్రంకు పెట్టె కింద పెట్టకుండా చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. ఇష్టం లేకపోతే అటునుంచి అటే బస్సెక్కించేద్దామని ఆయన ఆలోచన. ఇంటావిడ నన్ను ఎగాదిగా చూసి, మా అమ్మకి అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని అడిగింది. లేరండి అన్నాను.

"అయితే నేను నీకు పిన్నిని," అని తేల్చేసింది.

తర్వాత ఎడమ పక్క గది వైపు తిరిగి అబ్బాయ్ అని కేకేసింది. ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీ లాబులో పనిచేసే కుర్రాడు, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టున్నాడు, కనుబొమ్మలు కూడా బూడిద రంగులో ఉన్నాయి, తుండుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. వీడూ నన్ను పిన్ని అంటాడు, ఐదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాడు, కాబట్టి నీకు అన్న, అని ఆవిడ పరిచయం చేసింది. మా నాన్న చేతిలో ట్రంకు పెట్టె అప్పుడు దిగింది. అబ్బాయ్, చెల్లెల్ని జాగ్రత్తగా చూసుకోవాలి అని ఆయన అనడం, సరేనండి బాబాయిగారూ అని ఈయన తల ఊపడం కళ్ళముందు జరిగిపోయాయి. నీకిష్టమేనా అని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంకా ఒక మనిషి గురించి చెప్పాలి. నా పక్క గదిలో సర్కారు ఆసుపత్రి నర్సు ఉండేది. నందిగామలో పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం వాళ్ళది, భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. ఆవిడ వచ్చిన మొదటిరోజే ఇంటావిడని అత్తయ్యా అని పిలిచిందట, దాంతో ఆవిడ మేనకోడలు అయింది, నాకు వదిన అయింది. మిగిలిన గదుల్లోకి టీచర్లు, గుమస్తాలు వచ్చేవాళ్ళు, బదిలీ మీద పోయేవాళ్ళు. వాళ్ళందరి సంగతీ చెప్పబోతే ఇవాళ్టికి ఊరు చేరం.

సందులో ఎవరైనా, ఆ పిల్లెవరు, ఈ కుర్రాడెవరు అని ఆరా తీస్తే, మా అక్క కూతురు, మా ఇంకో అక్క కొడుకు అని పిన్ని ఒక్క ముక్కలో చెప్పేసేది. పిన్నికి అక్కలే లేరని సందులో అందరికీ తెలుసు. అయినా కాదన్న మనిషి లేడు. ఆవిడ చెప్పే తీరు అట్లా ఉండేది. ఇవాళ తలుచుకుంటే అది పెద్దవాళ్ళ చాదస్తం కాదనే నాకు అనిపిస్తుంది. పెళ్ళి కాని ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే వాకిట్లో నీళ్ళు పట్టుకుంటూ బతకాలంటే ఆ రోజుల్లో ఊరు ఒప్పుకునే దారి అదొక్కటే, ఆ దారి వెయ్యబట్టే నాలాంటి వాళ్ళు ఉద్యోగాలు చేయగలిగారు. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

నా ఉద్యోగం చూస్తే దీనికి పూర్తిగా తలకిందులు. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు ముందు కూర్చుని, దీపం వెలిగిన చోటల్లా ప్లగ్గు పెట్టి నెంబర్ ప్లీజ్ అనడమే పని. పత్తి వ్యాపారి అయినా, బిడ్డ పుట్టిందని కబురు చెప్పే తండ్రి అయినా నాకు నెంబరే. రోజంతా ఊరివాళ్ళందరి గొంతులూ విని, ఒక్కరి ముఖమూ చూడకుండా ఇల్లు చేరితే, వాకిట్లో అడుగు పెట్టగానే పిన్నీ, వదినా, అన్నయ్యగారూ అని నోరు దానంతట అదే పలికేది. ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఏడాది పాటు అన్నయ్యగారు అన్నయ్యగారుగానే ఉన్నారు. దాచిపెట్టడానికి నా దగ్గరేం లేదు. నా గది తలుపు గాలికి మూసుకుపోతోందని వదినతో విసుక్కోవడం విని ఒకరోజు ఆయన లాబు నుంచి పిడికెడంత సిమెంటు దిమ్మ ఒకటి తెచ్చి తలుపు కింద పెట్టారు. పరీక్ష కోసం అట్లాంటి దిమ్మలు పోసి నీళ్ళలో నానేస్తారట, మూడో రోజున కొన్ని, ఏడో రోజున కొన్ని, ఇరవై ఎనిమిదో రోజున కొన్ని మిషనులో పెట్టి నొక్కి పగలగొడితే గాని ఆ సిమెంటు బలం ఎంతో తేలదట. ఇది లెక్కకి మించి మిగిలిపోయిన దిమ్మండి, దీన్ని ఎవరూ నొక్కలేదు అని ఎంతో శ్రద్ధగా వివరించారు. తలుపుకి అడ్డం పెట్టే రాయికి అంత చరిత్ర చెప్పే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నవ్వి ఊరుకున్నాను.

అసలు చిక్కు కార్తీకంలో వచ్చింది. దీపావళి వెళ్ళిన రెండో రోజున అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి వంట తినాలని ఆచారం కదా, మన ఇంట్లో వరసలు ఉత్తుత్తివి కావు అని పిన్ని పట్టుబట్టి నా చేత వంట చేయించింది. నాకు అప్పటికి వంట అంటే అన్నం వార్చడం వరకే వచ్చు. గుత్తొంకాయ అడుగంటింది, పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన పీట మీద కూర్చుని, నేను వడ్డించిందల్లా విస్తట్లో ఒక్క మెతుకు మిగలకుండా తిని, రెండోసారి పులుసు పోయమన్నారు. ఉప్పెక్కువైందని నాకు తెలుసు అన్నాను. లాబులో రోజూ సిమెంటు పీలుస్తా కదండి, నాకు ఉప్పు తెలియదు అన్నారు. తల దించుకునే ఉన్నారు గాని చెవులు ఎర్రబడ్డాయి. గరిటె పట్టుకుని నిలబడిన నాకు, ఈయన్ని ఇంక అన్నయ్యగారూ అని పిలవడం నావల్ల కాదని ఆ క్షణాన తెలిసిపోయింది. అదేం పాడు ముహూర్తమో, అన్నాచెల్లెళ్ళ పండగ పూట.

తర్వాత మూడు నెలలు మేం పడ్డ అవస్థ ఏ పగవాడికీ వద్దు. అన్నయ్యగారూ అనలేను, పేరు పెట్టి పిలిచే రోజులు కావు. ఆయనది అంతకన్నా ఘోరం, అంతకుముందు నోరారా చెల్లాయ్ అని పిలిచే మనిషి ఇప్పుడు నాతో పనిపడితే తలుపు దగ్గర నిలబడి దగ్గేవారు. బోరింగు ఖాళీ అయిందని గోడతో చెప్పేవారు. ఉత్తరం వచ్చిందని నేను వదినతో అంటే వదిన ఆయనతో అనేది, అంత చిన్న వాకిట్లో ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి చేరడానికి మధ్యలో మళ్ళీ ఒక ఎక్స్ఛేంజీ. వదినకి అర్థమయిందని ఆవిడ పెదాలు బిగపట్టిన తీరులోనే తెలిసేది. పిన్ని మాత్రం ఇద్దరూ పోట్లాడుకున్నారనుకుని, అన్నాచెల్లెళ్ళకి పంతాలేంటని ఇద్దరికీ విడివిడిగా చీవాట్లు పెట్టింది.

ఒకరోజు పొద్దున్నే, ఆయన డ్యూటీకి పోతూ గుమ్మంలో కూర్చుని ఫ్యాక్టరీ బూట్లు ముందుకి లాక్కున్నారు. నేను బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్నాను. పిన్ని చేటలో బియ్యం ఏరుతోంది, వదిన నైటు డ్యూటీ నుంచి వచ్చి జడ విప్పుకుంటోంది. మా వైపు నాపరాళ్ళ సందుల్లో తేళ్ళు మామూలే గదా, నల్లటి తేలు ఒకటి ఆయన ఎడమ బూటులోకి పోతూ దాని కొండి నా కంట పడింది. ఆయన కాలు ఎత్తారు.

"ఏవండీ, ఆగండి," అన్నాను.

అన్నాను అనడం కూడా తక్కువే, సందు చివరి దాకా వినిపించి ఉంటుంది. ఆయన ఆగిపోయారు. బూటు దులిపితే తేలు పడింది, చంపారు. దాన్ని ఎవరూ చూడలేదు. పిన్ని చేతిలో చేట ఆగిపోయింది, వదిన దువ్వెన ఆగిపోయింది, బోరింగు పిడి మీద నా చేయీ ఆగిపోయింది. ఏవండీ అని మనం కూరల బండివాణ్ణీ పిలుస్తాం, కట్టుకున్నవాణ్ణీ పిలుస్తాం, అక్షరాలు అవే. పలకడంలో ఉన్న తేడా మాత్రం తెలుగు వచ్చిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. అన్నయ్యగారూ అన్న మాటని మూడు నెలలు మింగి మింగి, చివరికి ప్రాణభయంలో నోట్లోంచి ఊడిపడ్డది ఆ మాట. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్తి కాళ్ళతోనే వీధిలోకి వెళ్ళిపోయారు.

నేను ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు. బస్సులో కండక్టర్ని కూడా ఏవండీ అంటాం కదా పిన్నీ, అన్నాను.

"కండక్టర్ని పిలిచే ఏవండీ వేరే. ఇది వేరే. నేనూ ఇరవయ్యేళ్ళు పిలిచా, నాకు తెలవదా," అంది పిన్ని, చేట పక్కన పెడుతూ.

రెండు రోజులు ఆవిడ నా ముఖం చూడకుండా తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. కులం ఒకటేనా అని అడిగింది, ఒకటే. ఇంటిపేర్లు వేరు. అది అడ్డు రాకపోబట్టే ఈ సంగతి నేనిలా నవ్వుతూ రాయగలుగుతున్నాను, వచ్చి ఉంటే పిన్ని ఏం చేసేదో, నేను ఎంత ధైర్యం చూపించేదాన్నో ఇవాళ గొప్పలకి పోయి చెప్పలేను.

"నీకేం, పెళ్ళి చేసుకుని పోతావు. చివరి గదిలో టీచర్లుగా చేసే పిల్లలిద్దరున్నారు. వాళ్ళ నాన్నలు కూడా మీ నాన్న లాగానే నా మాట మీద వదిలిపెట్టి పోయారు. అన్నాచెల్లెళ్ళని చెప్పి ఇదా నువ్వు చేసేదని రేపు వాళ్ళొచ్చి అడిగితే నేనేం చెప్పాలే?" అంది.

అప్పటిదాకా నాకు తెలిసిన భయమల్లా మా నాన్న ఏమంటాడోనని. చివరి గదిలో ఉన్న ఆ ఇద్దరు పిల్లల ఉద్యోగాలు నేను అన్న ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయన్న ఆలోచన కలలో కూడా రాలేదు.

దారి చూపించింది వదినే. సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎంతో తేలిగ్గా, దీనికింత ఆలోచన దేనికత్తయ్యా, నాలాగా ఆ అబ్బాయి కూడా మిమ్మల్ని అత్తయ్యా అంటే సరిపోద్ది కదా అంది. నిజమే, వరస అన్నది ఎటునుంచి లెక్కపెడితే అటునుంచి తేలుతుంది. ఇద్దరమూ ఆవిణ్ణి పిన్నీ అంటాం కాబట్టి మేం అన్నాచెల్లెళ్ళం. ఒకరు పిన్ని అని, ఇంకొకరు అత్తయ్య అని అంటే బావామరదళ్ళం. ఎవరో ఒకరు పిన్నిని వదులుకోవాలి, అంతే. నేను వదులుకుంటాను అని ముందుకొచ్చాను, ఎందుకంటే ఆయన ఆ ఇంట్లో నాకన్నా ఎంతో ముందు నుంచి ఉన్నారు. టైఫాయిడ్ వచ్చి పడుకుంటే ఇరవై రోజులు పథ్యం వండి పెట్టింది ఆవిడ, భర్త పనిచేసిన మిల్లువాళ్ళతో మాట తేడా వస్తే ఆవిడ తరఫున వెళ్ళి నిలబడింది ఆయన. కొడుకు లాంటివాడు అనడం కాదు, ఆవిడకి ఉన్న కొడుకే ఆయన. పిన్ని తల అడ్డంగా ఊపింది. నీ పిన్నినని మీ నాన్నకి మాటిచ్చా, ఆ మాట ఒక్కటన్నా నిలబడాలి అంది. అంటూనే లేచి, చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు ఆవిడ ఒక్కతే బస్సెక్కి వత్సవాయి వెళ్ళి, మా నాన్నకి ఉన్నది ఉన్నట్టు చెప్పేసిందట. తిరుగు బస్సు వేళ దాకా మా నాన్న దొడ్లో ఏదో పని చూసుకుంటూ తిరిగాడట. చివరికి బస్టాపు దాకా తోడు వచ్చి, ఆ అబ్బాయి మంచోడేనా అని అడిగాడట. నా కొడుకు లాంటోడండి అని ఈవిడ.

"అదేనండి వచ్చిన చిక్కు," అన్నాడట మా నాన్న.

ఆ మాటతో ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ నవ్వుతోనే సగం పెళ్ళి అయిపోయిందని మా అమ్మ తర్వాత చెప్పేది. పిన్ని పెట్టిన షరతు ఒక్కటే. ఆయన వెంటనే గది ఖాళీ చేసి నందిగామలో ఎక్కడన్నా ఉండాలి, ఆరు నెలల పాటు ఈ గడప తొక్కకూడదు, ఆ తర్వాత పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని మా ఊరికి పెళ్ళిచూపులకి రావాలి. ఈ ఇంట్లో ఉన్నప్పుడు అన్న, ఈ ఇంటి మనిషి కానప్పుడు పెళ్ళికొడుకు, రెండూ కలవకూడదు. ఆయన మారు మాట్లాడకుండా ట్రంకు పెట్టె, పరుపుచుట్ట తీసుకుని వెళ్ళారు. నందిగామలో ఒక ఎరువుల కొట్టు మీద గది, రోజూ మొదటి బస్సుకి ఫ్యాక్టరీకి రావడం, ఆఖరి బస్సుకి పోవడం. ఆ ఎరువుల వాసన పీల్చి పీల్చి ఉప్పు ఒక్కటే కాదు, ఇంకే రుచీ తెలియకుండా పోయిందని తర్వాత చెప్పేవారు. ఆ ఆరు నెలల్లో నందిగామ ఎక్స్ఛేంజీ ఆపరేటరమ్మ అప్పుడప్పుడు లైను మీదకి వచ్చి, ఒకాయన మిమ్మల్ని అడిగి టైమెంతయిందో కనుక్కోమన్నారండి అనేది. నేను గడియారం చూసి టైము చెప్పేదాన్ని. షరతు మీరింది లేదు, టైము చెప్పడం మాట్లాడటం కింద రాదు గదా.

పెళ్ళిచూపులకి జి.కొండూరు దగ్గరి పల్లె నుంచి ఆయన తల్లిదండ్రులు, మేనమామ వచ్చారు. పిన్ని మా వైపు మనిషిగా మా అమ్మ పక్కన చాప మీద కూర్చుంది. ఆరు నెలల తర్వాత ఆవిణ్ణి చూసిన సంబరంలో ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తూనే బాగున్నారా పిన్నీ అనేశారు. చాప మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తారు. వాళ్ళ మేనమామ అయితే పెళ్ళికూతురి పిన్ని మనవాడికి పిన్ని ఎట్లా అయిందని లెక్కలు కట్టడం మొదలుపెట్టాడు.

"పిన్నేంటయ్యా, అత్తయ్యని," అంది ఆవిడ నవ్వుతూ.

అందరూ నవ్వారు. ఆయన కూడా తల గోక్కుంటూ, అదేనండి అత్తయ్యగారూ అన్నారు. ఆవిడ మంచినీళ్ళు తెస్తానని లేచి లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే నీళ్ళ కాగు దగ్గర చెంబు పట్టుకుని, నీళ్ళు ముంచకుండా నిలబడి ఉంది. నన్ను చూసి, పద పద అంది. నా పెళ్ళి కుదిరిన రోజున నాకు ఏడుపొచ్చింది ఆ చెంబు చూసే. అప్పటి నుంచి ఆవిడ పోయేదాకా ఆయన ఆవిణ్ణి అత్తయ్యగారూ అనే పిలిచారు, గారు కూడా చేర్చి, అల్లుళ్ళు పిలిచినట్టే.

పెళ్ళి బాగా జరిగింది. వదినకి తమ్ముడు దొరికాడు, తమ్ముడి పెళ్ళిలో ఆడపడుచు చీర కావాలని పట్టుబట్టి సాధించుకుంది, నాకు మాత్రం ఆవిడ ఏ లెక్కన చూసినా వదినగానే మిగిలింది. అంతా సజావుగా జరిగిపోయిందని నేను మురిసిపోతూ, బదిలీ మీద ఆయన వెంట వేరే ఊరు వెళ్ళిపోయాను.

సందు ఊరుకోలేదు. ఇన్నేళ్ళూ పిన్ని చెప్పిన అబద్ధాన్ని తెలిసి తెలిసి ఒప్పుకున్న ఆ సందే, ఆవిడింట్లో చెల్లెళ్ళుగా దిగి పెళ్ళాలుగా పోతారట అని నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ ఆరు నెలలు ఎడం పెట్టించినది, ఊళ్ళు తిరిగి ఒప్పించినది ఎవరి లెక్కలోకీ రాలేదు. టీచరు పిల్లల్లో ఒకమ్మాయిని వాళ్ళ నాన్న వచ్చి నందిగామలో బంధువుల ఇంట్లో పెట్టాడు. రెండో అమ్మాయికి ఆ పాటి బంధువులు కూడా లేరు, ఉద్యోగం మాన్పించి ఊరికి తీసుకుపోయారు. ఆ పిల్ల పొడుగు జడ, బోరింగు దగ్గర పద్యాలు వల్లెవేసుకుంటూ నీళ్ళు కొట్టడం నాకు ఇప్పటికీ గుర్తు. మళ్ళీ ఉద్యోగం చేసిందో లేదో తెలియదు, కనుక్కునే ధైర్యం నాకు ఏనాడూ కలగలేదు.

ఇవేవీ పిన్ని నాకు ఉత్తరాల్లో రాయలేదు. ఏడాది దాటాక చూద్దామని వెళ్తే వాకిలికి అడ్డంగా గోడ కట్టి ఉంది, ఎడమ పక్క గదులకి సందులోంచి వేరే గుమ్మం. నేను ఉండగానే కొత్తగా పోస్టింగు వచ్చిన అమ్మాయి ఒకత్తె గది కోసం వచ్చింది. ఆ పిల్ల ముచ్చటగా, మిమ్మల్ని ఏమని పిలవమంటారండి, పిన్నిగారూ అననా అని అడిగింది. పిన్ని తాళం చెవులు వెతుక్కుంటూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఓనరుగారు అను, చాలమ్మా."

ఆ పిల్ల వెళ్ళాక, ఎందుకట్లా అన్నావు పిన్నీ అని అడిగాను. ఆవిడ నా మీద కోపంతో చెప్పలేదు, కోపం ఉంటే నేను భరించేదాన్ని. నా జడలో పూలు సర్దుతూ, ఎంతో మామూలుగా చెప్పింది. ఒకసారి కట్టిన వరసని విప్పి మళ్ళీ కట్టాను గదే, ఇంక దాని మీద జనానికి నమ్మకం పోయింది, వాళ్ళ సంగతి సరే, నాక్కూడా పోయింది అంది. నువ్వు సుఖంగా ఉన్నావు, అది చాలు అని కూడా అంది. ఉన్నాను, నిజంగానే ఉన్నాను, ఈ నలభై ఏళ్ళూ. ఆ రోజు ఆ మాట ఆవిడ ముందు పైకి అనడానికి మాత్రం నాకు సిగ్గేసింది.

పిన్ని పోయి చాలా కాలమయింది, ఆ ఇంటి చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్లు. వదిన కొడుకు దగ్గర నందిగామలోనే ఉంది, మోకాళ్ళ నొప్పుల గురించి ఫోనులో గంటల తరబడి మాట్లాడుకుంటాం. మా మనవరాలు ఆ నాలుగంతస్తుల మేడలో సుఖంగా ఉంది, గోడలు పలచన అని తప్ప వేరే ఫిర్యాదు లేదు. ఆ పిల్ల ఎవరికీ చెల్లెలు కానక్కర్లేదు, ఎవరి మాట మీదా ఆధారపడి ఉద్యోగం చేయనక్కర్లేదు, అందుకు నాకు సంతోషమే. కాకపోతే జ్వరమొస్తే పథ్యం ఎవరు వండుతారా అని ఒక్కోసారి దిగులు పడతాను.

ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు, నలుగురు పెద్దవాళ్ళం చేరినప్పుడు, ఈ కాలం పిల్లలకి వరసలు లేవు, పిలుపులు లేవు, ఎవరికి ఎవరూ కారు అని మాటలు వస్తాయి. నేను కూడా అంటుంటాను, నా గొంతే అందరికన్నా పెద్దగా ఉంటుంది. అప్పుడు మా ఆయన చదువుతున్న పేపరు దించి నా వైపు చూస్తారు. కాఫీలు చూసొస్తానని నేను లేచి లోపలికి పోతాను.